బోర్డు ఆఖర్న కొనాలి: సొంతంగా కట్టే సబ్‌వూఫర్‌కు యాంప్లిఫైయర్ ఎంపిక

మార్కెట్లో దొరికే కొన్ని హోమ్ థియేటర్ డబ్బాల మీద "5,000 వాట్లు పీఎంపీఓ" అని మెరిసే స్టిక్కర్ ఉంటుంది. పీఎంపీఓ అంటే పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్. అదే డబ్బాను వెనక్కి తిప్పితే కరెంటు తీగ లోపలికి వెళ్లే చోట 1 ఆంపియర్ ఫ్యూజు కనిపిస్తుంది. 230 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ అంటే 230 వాట్లు. అంతకు మించి లాగితే ఫ్యూజు ఎగిరిపోయే డబ్బా 5,000 వాట్లు బయటికి ఎలా ఇస్తుంది? పీఎంపీఓ కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు, అందుకే ఎవరికి తోచిన అంకె వాళ్లు వేస్తారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

సొంతంగా సబ్‌వూఫర్ కట్టుకునేవాళ్లు ఈ స్టిక్కర్లను చూసి నవ్వుకుంటారు. కానీ యాంప్లిఫైయర్ బోర్డు కొనేటప్పుడు చాలామంది అదే బోల్తా కొడతారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా ముందు అడిగే మాట ఒకటే: "200 వాట్ల బోర్డు ఉందా?" బోర్డు వచ్చాక దానికి సరిపోయే స్పీకరు, స్పీకరు వచ్చాక డబ్బా, అన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో ఓ ట్రాన్స్‌ఫార్మరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది ఈ వరస. నిజానికి వరస పూర్తిగా తిరగబడాలి. ఏ గదిలో, ఏం వినడానికి అన్నది మొదట తేలాలి. దాన్నిబట్టి డ్రైవరు (అంటే డబ్బాలో బిగించే విడి స్పీకరు), డబ్బా. అవి ఎన్ని వాట్లు మోయగలవో చూశాక ఆ వాట్లకు ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు కావాలో లెక్క. ఆ లెక్కకు తగ్గ పవర్ సప్లై. బోర్డు ఆఖరున.

కోన్ ఎంత కదలగలదు

సబ్‌వూఫర్ చేసే పని గాలిని తొయ్యడం. ఎంత గాలిని తొయ్యగలదన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: కోన్ వైశాల్యం, అది ముందుకూ వెనక్కూ కదలగల దూరం. ఈ దూరానికి డేటాషీట్‌లో ఎక్స్‌మాక్స్ అని పేరు. స్వరం ఒక ఆక్టేవ్ కిందికి దిగినప్పుడు, అంటే 40 హెర్ట్జ్ నుంచి 20కి వచ్చినప్పుడు, అదే శబ్ద స్థాయి నిలబడాలంటే మూసిన డబ్బాలో కోన్ 4 రెట్లు ఎక్కువ కదలాలి. ఇక్కడ వాట్లతో బేరం కుదరదు.

ఒక లెక్క వేసి చూడొచ్చు. మంచి 10 అంగుళాల డ్రైవరుకు కోన్ వైశాల్యం సుమారు 340 చదరపు సెంటీమీటర్లు, ఎక్స్‌మాక్స్ ఒక్కో వైపు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. నేల మీద పెట్టిన మూసిన డబ్బాలో, మీటరు దూరంలో, 60 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 108 డెసిబెల్స్ ఇవ్వగలదు. 40 దగ్గర 101. 30 దగ్గర 96. 20 దగ్గర 89 మాత్రమే. ఇవి కోన్ కదలిక పెట్టే హద్దులు. వెనక 100 వాట్ల యాంప్లిఫైయర్ ఉన్నా 1,000 వాట్లది ఉన్నా 30 హెర్ట్జ్ దగ్గర ఈ డ్రైవరు 96 దాటదు. దాటించాలని చూస్తే వినపడేది బాస్ కాదు, కాయిల్ వెనక ప్లేటుకు కొట్టుకునే టకటక.

చెవి సంగతి కూడా చూడాలి. 31.5 హెర్ట్జ్ దగ్గర మనిషి చెవికి శబ్దం వినపడటం మొదలవడానికే దాదాపు 60 డెసిబెల్స్ కావాలి. కాబట్టి ఎంత కిందికి దిగాలనుకుంటున్నారన్న ఒక్క నిర్ణయం మీదే ఖర్చంతా తిరుగుతుంది. బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్. పాటల్లో గుండెకు తగిలే కిక్ డ్రమ్ దెబ్బ ఎక్కువగా 50, 60 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. పాటల కోసమే అయితే 40 వరకు శుభ్రంగా వాయించే సబ్ చాలు, దానికి 60 నుంచి 100 నిజమైన వాట్లు ధారాళంగా సరిపోతాయి. సినిమాల్లో భవనాలు కూలే సీన్ల కోసం 20 హెర్ట్జ్ కావాలంటే అది వేరే ప్రపంచం. పెద్ద కోన్లు, పెద్ద డబ్బా, పెద్ద యాంప్లిఫైయర్ మూడూ కలిసి రావాలి.

గది కూడా ఇందులో భాగస్తురాలే. మన ఇళ్ల సిమెంటు గోడలు, కాంక్రీటు స్లాబు బాస్‌ను బయటికి పోనివ్వవు. చెక్క గోడల ఇళ్లతో పోలిస్తే ఇక్కడ అదే వాట్లకు కింది స్వరాలు ఎక్కువగా వినపడతాయి. ఇది లాభమే, కాకపోతే చిక్కు కూడా ఉంది. 12 అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర గోడల మధ్య కదలకుండా నిలిచిపోయే తరంగం (స్టాండింగ్ వేవ్) ఏర్పడి ఆ ఒక్క స్వరం గదంతా మోగిపోతుంది, పక్క స్వరాలు చప్పబడతాయి. బీరువా తలుపు, కిటికీ అద్దాలు, వంటింటి షెల్ఫులో స్టీలు గిన్నెలు తమ వంతు వాయిస్తాయి. "బాస్ చాల్లేదు, పెద్ద యాంప్లిఫైయర్ కావాలి" అనుకునే సందర్భాల్లో సగం డబ్బాను గదిలో ఇంకో మూలకు జరిపితే తీరేవే. జరపడానికి ఖర్చేమీ లేదు, కాబట్టి మొదట అది చెయ్యాలి.

వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి శబ్దం రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే 10 రెట్ల వాట్లు. 100 వాట్ల బోర్డు తీసి 150 వాట్లది పెడితే వచ్చే తేడా 2 డెసిబెల్స్ కూడా ఉండదు. అదే డబ్బుతో అలాంటిదే రెండో డ్రైవరు పెడితే కోన్ హద్దు 6 డెసిబెల్స్ పైకి జరుగుతుంది. చోటున్నవాళ్లకు, పెద్ద యాంప్లిఫైయర్ కన్నా రెండో డ్రైవరే ఎప్పుడూ మంచి బేరం.

డ్రైవరు, డబ్బా కలిస్తే ఎన్ని వాట్ల దగ్గర ఎక్స్‌మాక్స్ దాటుతుందో విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. డేటాషీట్‌లోని ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అంకెలు అందులో నింపితే చాలు. ఈ అంకెలతో డబ్బాను ముందే లెక్కగట్టే పద్ధతి నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో చేసిన పని నుంచి వచ్చింది. వాళ్ల పేర్ల మీదే వాటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. ఈ అంకెలు లేకుండా కేవలం "12 అంగుళాలు, డబుల్ మాగ్నెట్" అని అమ్మే స్పీకరు కొంటే ఆ తర్వాత చేసేదంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఓమ్‌ల లెక్క

4 ఓమ్‌ల స్పీకరు అని రాసి ఉన్నదాన్ని మల్టీమీటరుతో కొలిస్తే 3.2 నుంచి 3.6 దాకా చూపిస్తుంది. అది కాయిల్ తీగ నిరోధం. స్వరాన్ని బట్టి అసలు ఇంపెడెన్స్ (ఏసీకి స్పీకరు చూపించే నిరోధం) పైకీ కిందికీ పోతుంది, రెజొనెన్స్ (డ్రైవరు తనంతట తాను ఊగే స్వరం) దగ్గర 20, 30 ఓమ్‌లు దాటడం మామూలే. కాబట్టి యాంప్లిఫైయర్ ఎప్పుడూ పూర్తి వాట్లు ఇస్తూ కూర్చోదు. అయినా డిజైన్ మాత్రం ఆ అతి తక్కువ ఓమ్‌ల మీదే చెయ్యాలి.

కారు సబ్‌వూఫర్లు ఇంట్లో వాడుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది. వాటిలో రెండు కాయిళ్లు ఉన్నవి దొరుకుతాయి. 4 ఓమ్‌ల కాయిళ్లు రెండిటినీ సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు, పారలెల్‌గా కలిపితే 2. ఒకే డ్రైవరు యాంప్లిఫైయర్‌కు రెండు ముఖాలు చూపించగలదన్నమాట. ఒక కాయిల్‌కే తీగ ఇచ్చి రెండోదాన్ని గాలికి వదిలేయడం మాత్రం తప్పు. అప్పుడు డ్రైవరు పారామీటర్లే మారిపోతాయి, వేడి మోసే శక్తి సగమవుతుంది.

బ్రిడ్జింగ్ దగ్గర చాలా బోర్డులు కాలిపోతాయి. రెండు చానళ్లను బ్రిడ్జి చేస్తే, అంటే ఒకే స్పీకరును రెండు వైపుల నుంచి నడిపేలా కలిపితే, ఒక్కో చానల్‌కు స్పీకరు సగం ఓమ్‌లుగా కనపడుతుంది. 4 ఓమ్‌ల స్పీకరు 2 అయిపోతుంది. రెండు టీడీఏ7294 చిప్పులను బ్రిడ్జి చేసిన బోర్డుకు 8 ఓమ్‌ల కన్నా తక్కువ స్పీకరు పెట్టకూడదని చెప్పేది అందుకే.

వాట్లు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంటాయి

బోర్డు మీద ఏం రాసి ఉన్నా, అది ఇవ్వగల వాట్లను పైనుంచి నిర్ణయించేది సప్లై వోల్టేజీ. సూత్రం చిన్నది: యాంప్లిఫైయర్ ఇవ్వగల పీక్ వోల్టేజీని వర్గం చేసి, స్పీకరు ఓమ్‌లకు రెట్టింపుతో భాగిస్తే వచ్చేవి నిలకడగా అందే నిజమైన వాట్లు, అంటే ఆర్‌ఎంఎస్ వాట్లు.

షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది 12-0-12 (మధ్య తీగకు రెండు వైపులా 12 వోల్టులు ఇచ్చే) ట్రాన్స్‌ఫార్మరు. దాని ఏసీని రెక్టిఫై చేస్తే, అంటే డీసీగా మారిస్తే, ±16 వోల్టులు వస్తాయి. లోడు పడినప్పుడు ఒక వోల్టు జారుతుంది, చిప్పు లోపల మరో రెండున్నర పోతుంది. స్పీకరుకు మిగిలే పీక్ పన్నెండున్నర. 4 ఓమ్‌లకు అది 20 వాట్లు, 8 ఓమ్‌లకు 10. అంతే. ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద 200 వాట్ల బోర్డు పెట్టినా 20 వాట్లే, 400 వాట్లది పెట్టినా 20 వాట్లే. "బోర్డు మార్చినా సౌండ్ మారలేదు" అని షాపువాడితో గొడవపడేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

అదే లెక్కన 20-0-20 ట్రాన్స్‌ఫార్మరు ±27 వోల్టులు ఇస్తుంది, 4 ఓమ్‌లకు 60 వాట్ల దాకా. 24-0-24 అయితే ±33, సుమారు 90 వాట్లు. 35-0-35 అయితే ±48, దాదాపు 200 వాట్లు. ఇవన్నీ 4 ఓమ్‌లకు. 8 ఓమ్‌ల స్పీకరైతే సగానికి తగ్గించుకోవాలి.

వోల్టేజీ తర్వాత కరెంటు. 24-0-24తో 90 వాట్లు ఆగకుండా కావాలంటే 4 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి, అంటే 192 వీఏ. సినిమా, సంగీతం ఎప్పుడూ పూర్తి స్థాయిలో ఉండవు కాబట్టి 3 ఆంపియర్లతో సరిపెట్టొచ్చు. 1 ఆంపియర్‌తో మాత్రం కుదరదు. ఇక్కడ ఇంకో మోసముంది. రాగి తీగ బదులు అల్యూమినియం తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు చవగ్గా దొరుకుతాయి. పైన "5 ఆంపియర్లు" అని రాసి ఉన్నా చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉండేదాన్ని అనుమానించాల్సిందే. రాగి వైండింగేనా అని అడిగి, తూకం చూసి కొనడం పాత టెక్నీషియన్ల పద్ధతి. అది ఇప్పటికీ పనికొచ్చే పద్ధతే.

సప్లైలో పెద్ద కెపాసిటర్లు పెడితే చిన్న ట్రాన్స్‌ఫార్మరు లోటు తీరుతుందన్నది సగం నిజమే. కెపాసిటరు బిందె, ట్రాన్స్‌ఫార్మరు కుళాయి. 50 హెర్ట్జ్ కరెంటును రెక్టిఫై చేస్తే బిందె ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి నిండుతుంది. మామూలు స్పీకర్ల స్వరాల్లో అర అల దాదాపుగా ఆ 10 మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది కాబట్టి బిందెలో నీళ్లతో పని జరిగిపోతుంది. 30 హెర్ట్జ్ బాస్‌కు అర అల ఒక్కటే 16.7 మిల్లీసెకన్లు. అంతసేపూ స్పీకరు తాగుతూనే ఉంటుంది, బిందె ఒక్కటే దాన్ని మోయలేదు, కుళాయి ధార కూడా గట్టిగా ఉండాలి. అందుకే సబ్‌వూఫర్‌కు ఒక్కో రైలుకు (ప్లస్, మైనస్ సప్లై లైన్లకు ఆ పేరు) 10,000 మైక్రోఫారడ్లు పెట్టడం బాగానే ఉంటుంది గానీ, దాన్ని చూసుకుని ట్రాన్స్‌ఫార్మర్‌లో పొదుపు చేయకూడదు.

ఇంటి కరెంటు కూడా లెక్కలోకి వస్తుంది. ఊళ్లలో సాయంత్రం మోటార్లు ఆడేటప్పుడు 230 వోల్టులు 190కి దిగాయనుకుంటే రైళ్లు అదే నిష్పత్తిలో పడిపోతాయి. వాట్లు వర్గంతో పోతాయి కాబట్టి మూడో వంతు మాయమవుతాయి. రాత్రి పొద్దుపోయాక 250కి ఎక్కినప్పుడు రివర్స్: చిప్పు హద్దుకు దగ్గరగా పెట్టిన సప్లై హద్దు దాటుతుంది. 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునే స్విచింగ్ పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్ వాడితే తక్కువ వోల్టేజీ బాధ లేదు. కానీ ఎస్‌ఎంపీఎస్‌కు దాని బాధ దానికుంది. ట్రాన్స్‌ఫార్మరు క్షణకాలం ఎక్కువ కరెంటు ఇమ్మంటే మూలుగుతూనైనా ఇస్తుంది. ఎస్‌ఎంపీఎస్ తన హద్దు దాటగానే టక్కున ఆగి మళ్లీ మొదలవుతుంది. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా పాట తెగితెగి రావడం, బోర్డు మీద లైటు ఆరి వెలగడం దాని గుర్తులు. కాబట్టి ఎస్‌ఎంపీఎస్‌ను లెక్కకన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ ఆంపియర్లతో తీసుకోవడం మంచిది.

ఏ చిప్పు, ఏ బోర్డు

ఇప్పుడు బోర్డు దగ్గరికి రావచ్చు. మన మార్కెట్లో సబ్‌కు పనికొచ్చేవి పెద్దగా లేవు, నాలుగైదు కుటుంబాలే.

చిన్న సబ్‌కు, అంటే 6 లేదా 8 అంగుళాల డ్రైవరుకు, టీపీఏ3116 క్లాస్-డీ (ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే రకం) బోర్డులు చవక, చల్లగా ఉంటాయి. ఈ చిప్పుకు సప్లై 26 వోల్టులు దాటకూడదు. 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ మీద 4 ఓమ్‌లకు 60 వాట్లు వస్తాయి. 19 వోల్టుల పాత లాప్‌టాప్ అడాప్టరు మీద 38. 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టరు మీద? అడాప్టరు ఇచ్చేదే 24 వాట్లు, బయటికి అంతకంటే ఎక్కువ రావడానికి దారే లేదు. ఈ బోర్డుల మీద "100 వాట్లు మోనో" అని రాసేది రెండు చానళ్లను పారలెల్ చేసినప్పటి సంగతి. పారలెల్ చేస్తే పెరిగేది కరెంటు ఇచ్చే శక్తి, వోల్టేజీ కాదు. 4 ఓమ్‌ల స్పీకరుకు దాంతో ఒరిగేదేమీ లేదు, ముందున్న 60 వాట్లే. రెండు కాయిళ్ల కారు సబ్‌ను 2 ఓమ్‌లుగా కలిపినప్పుడే ఆ 100 వాట్లు నిజంగా బయటికొస్తాయి.

టీడీఏ7294 పాతది, నమ్మకమైనది, సరిచేయడం తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. "100 వాట్ల ఐసీ" అని పేరు. దాని మీద ఒక లెక్క వేస్తే అసలు పరిమితి తెలుస్తుంది. ఇలాంటి క్లాస్-ఏబీ (ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ కాకుండా సిగ్నల్ వెంటే నడిచే పాత రకం) యాంప్లిఫైయర్‌లో కొంత శక్తి చిప్పులోనే వేడిగా మిగులుతుంది. ±33 వోల్టుల మీద 4 ఓమ్‌ల స్పీకరు పెడితే ఆ వేడి గరిష్ఠంగా 55 వాట్లు. చిప్పు లోపలి నుంచి హీట్ సింక్ దాకా వేడి రావడానికి ఒక్కో వాటుకు దాదాపు 2 డిగ్రీల తేడా కావాలి, అంటే 110 డిగ్రీలు. చిప్పు 145 డిగ్రీల దగ్గర తనంతట తాను మ్యూట్ అవుతుంది. మిగిలింది 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది బయటే 44 ఉంటుంది! హీట్ సింక్ ఎంత పెద్దదైనా ఈ లెక్క కుదరదు. పాటల్లో సగటు వేడి ఇంత ఉండదు కాబట్టి చాలామందికి నెట్టుకొస్తుంది, పెళ్లికో పుట్టినరోజుకో గంటసేపు గట్టిగా పెట్టిన రోజు మాత్రం మధ్యలో మూగబోతుంది. ఈ చిప్పుకు 4 ఓమ్‌లతో 20-0-20 ట్రాన్స్‌ఫార్మరే సరైన జోడీ. 60 వాట్లు ఇచ్చి ఎండాకాలంలో కూడా నిలబడుతుంది. 8 ఓమ్‌లైతే 24-0-24 నిశ్చింతగా పెట్టొచ్చు.

100 నుంచి 200 వాట్ల మధ్య మన దగ్గర రాజ్యమేలేది "5200-1943" బోర్డులు. 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 అనే తోషిబా ట్రాన్సిస్టర్ల జంట. 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్ల వేడి మోయగలవని డేటాషీట్ చెబుతుంది, అదీ కేస్ 25 డిగ్రీల దగ్గర ఉంటేనే. ±48 వోల్టులు, 4 ఓమ్‌లు అంటే కనీసం రెండు జతలు ఉండాలి, మూడుంటే నిద్ర పడుతుంది. ఒకే జతతో "300 వాట్లు" అని అమ్మే బోర్డును చూసి నవ్వేసి ముందుకు పోవాలి. ఈ ట్రాన్సిస్టర్లకు డూప్లికేట్లు ఎక్కువ. అసలు ధరలో పావు వంతుకు దొరికే జత అసలుది అయ్యే అవకాశం దాదాపు లేదు.

అదే స్థాయిలో కొత్త తరం జవాబు టీపీఏ3255. 36 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ మీద 4 ఓమ్‌లకు 140 వాట్లకు పైగా, 48 వోల్టుల మీద 250 వాట్ల దాకా లెక్క తేలుతుంది. క్లాస్-డీ కాబట్టి అరచేతంత హీట్ సింక్‌తో పని జరుగుతుంది. క్లాస్-డీ మీద ఆడియో ప్రియులు చేసే ఫిర్యాదుల్లో చాలావరకు పై స్వరాలకు, స్విచింగ్ ఫిల్టరుకు సంబంధించినవి. 100 హెర్ట్జ్ కింద పనిచేసే సబ్‌కు అవేవీ తగలవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, సోల్డరింగ్ మీద మోజు లేనివాళ్లకు ఈరోజు ఇదే తెలివైన ఎంపిక. ఒక్క జాగ్రత్త: ఇలాంటి బ్రిడ్జి అవుట్‌పుట్ బోర్డుల్లో స్పీకరు మైనస్ తీగ గ్రౌండు కాదు. దాన్ని ఛాసీకి కలిపినా, రెండు చానళ్ల మైనస్‌లను ఒకచోట చేర్చినా చిప్పు ప్రాణానికే ముప్పు.

ఐఆర్‌ఎస్2092 అనే ఐసీతో వచ్చే పెద్ద క్లాస్-డీ బోర్డులు 500 వాట్లు, ఆపైన అని దొరుకుతాయి. వాటిలో ఎక్కువ హాఫ్ బ్రిడ్జి రకం. బాస్ వాయించేటప్పుడు వాటికో వింత జబ్బు ఉంది: ఒక రైలు నుంచి కరెంటు లాగేటప్పుడు అవతలి రైలులోకి కొంత తిరిగి పోస్తాయి. స్వరం ఎంత కింద ఉంటే ఆ పోత అంత సేపు, అవతలి రైలు వోల్టేజీ అంత పైకి ఎక్కుతుంది. కెపాసిటర్లు చిన్నవైతే హద్దు దాటి ప్రొటెక్షన్ బోర్డును ఆపేస్తుంది. రెండు బోర్డులు వాడి, ఒకదానికి సిగ్నల్ తిప్పి ఇచ్చి, దాని స్పీకరు తీగలూ తిప్పి కలిపితే ఒకరి పోతను ఒకరు తాగేస్తారు. ఒకే సబ్‌కు మాత్రం ఈ తలనొప్పి అక్కర్లేదు.

పాత మైక్‌సెట్ యాంప్లిఫైయర్లు ఇంట్లో ఉన్నాయి కదా, వాడొచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. 100 వోల్టుల లైను అవుట్‌పుట్ ఉన్నవి మాట కోసం చేసినవి. లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఇనుము 40 హెర్ట్జ్ దగ్గర పెద్ద స్థాయిలో నిండిపోయి శబ్దం చిరుగుతుంది. కారు యాంప్లిఫైయర్‌ను సీసీటీవీకి వాడే 12 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ మీద నడపడం కూడా అంతే: లోపలికి 60 వాట్లు, బయటికి 40 వస్తే గొప్ప.

ఫిల్టరు, బూస్టు, చిన్న కెపాసిటర్లు

బోర్డు బాగున్నా బాస్ రాకపోతే మొదట చూడాల్సింది కెపాసిటర్లనే. కొన్ని చవక బోర్డుల ఇన్‌పుట్‌లో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, దాని తర్వాత 22 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉంటాయి. ఆ జంట 72 హెర్ట్జ్ కింద కోత పెడుతుంది, అంటే సబ్‌వూఫర్ చెయ్యాల్సిన పనిని గుమ్మంలోనే ఆపేస్తుంది. అక్కడ 1 మైక్రోఫారడ్ పెడితే కోత 7 హెర్ట్జ్‌కు దిగుతుంది. సింగిల్ సప్లై టీడీఏ2030 బోర్డుల్లో స్పీకరుకు వరసగా 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు వస్తుంది. 4 ఓమ్‌లతో అది 40 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. సబ్‌కు ఇలాంటి సింగిల్ సప్లై బోర్డును ఎంచుకోకపోవడమే మేలు.

పై కోతకు 4558 ఐసీతో వచ్చే లో-పాస్ బోర్డు చాలు. 80 హెర్ట్జ్ దగ్గర పెడితే శబ్దం ఏ మూల నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. 120, 150కి పోతే మనుషుల గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఆ బోర్డు మీదుండే బాస్ బూస్ట్ నాబ్ మాత్రం ప్రమాదకరం. 12 డెసిబెల్స్ పెంచడమంటే 16 రెట్ల వాట్లు అడగడం. 10 వాట్లతో హాయిగా పాడుతున్న సబ్ ఆ నాబ్ తిప్పగానే 160 అడుగుతుంది. అవి యాంప్లిఫైయర్ దగ్గర లేవు, ఉన్నా కోన్ తట్టుకోదు. గొట్టం పెట్టిన డబ్బాకైతే కింద కూడా కోత ఉండాలి. ట్యూనింగ్ స్వరం కింద డబ్బాలోని గాలి కోన్‌ను పట్టి ఉంచదు, అది గాలిపటంలా ఊగుతుంది. 35 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన డబ్బాకు 30కి దగ్గర్లో సబ్‌సోనిక్ ఫిల్టరు లేకపోతే ఒక్క పేలుడు సీనుతో కాయిల్ పోవచ్చు.

డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకరు ఓమ్‌లు యాంప్లిఫైయర్ సొంత నిరోధానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 500, 1,000 అని గొప్పగా రాసే అంకెను పట్టించుకోనక్కర్లేదు. కాయిల్ నిరోధం 3.4 ఓమ్‌లు దారిలో కూర్చుని ఉండగా యాంప్లిఫైయర్ వైపు 0.01 అయినా 0.08 అయినా కోన్‌కు తెలియదు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్లు, రానూ పోనూ కలిపి 0.12 ఓమ్‌లు. అదీ సమస్య కాదు.

"తక్కువ వాట్ల యాంప్లిఫైయరే స్పీకరును కాల్చేస్తుంది" అన్న మాట కూడా సబ్ విషయంలో వట్టిదే. క్లిప్ అయిన (సప్లై హద్దు తగిలి అలల తలలు తెగిన) యాంప్లిఫైయర్ తన రేటింగుకు రెట్టింపు దాకా వాట్లు ఇవ్వగలదు, 50 వాట్లది 100 ఇవ్వొచ్చు. 200 వాట్ల కాయిల్‌కు అది దెబ్బ కాదు. కాలిపోయేది పక్కనున్న ట్వీటర్లు, అంటే పై స్వరాల చిన్న స్పీకర్లు.

కాయిల్‌ను నిజంగా చంపేది డీసీ. క్లాస్-ఏబీ బోర్డులో ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్ట్ అయితే రైలు వోల్టేజీ మొత్తం నేరుగా కాయిల్ మీద పడుతుంది. 33 వోల్టుల వర్గాన్ని 3.4తో భాగిస్తే 320 వాట్లు. అదంతా వేడే. కోన్ కదలదు కాబట్టి గాలి తగిలి చల్లబడటమూ ఉండదు. కొన్ని సెకన్లలో కమురు వాసన. యూపీసీ1237 ఐసీ, ఒక రిలే ఉన్న స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు ఈ పని చూసుకుంటుంది. దాని ధర డ్రైవరు ధరలో చిన్న ముక్క. ఆన్ చేసినప్పుడు వచ్చే డబ్ శబ్దాన్ని కూడా ఆపుతుంది.

ట్రాన్స్‌ఫార్మరు సప్లై ఉన్న కొత్త బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు రిపేరు షాపుల్లో వాడే సిరీస్ బల్బు కన్నా మంచి సాధనం లేదు. ఫేజు తీగకు వరసగా 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు, స్పీకరు మాత్రం పెట్టకుండా. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే కెపాసిటర్లు నిండాయని అర్థం, నిండుగా వెలిగి అలాగే ఉంటే ఎక్కడో షార్టు. మసకబారాక అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటరు పెట్టి డీసీ చూడాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే బల్బు తీసేసి, ఇంట్లో మూలన పడున్న పాత స్పీకరును ఒక పదినిమిషాలు వాయించి, హీట్ సింక్ మీద చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే కొత్త సబ్ తీగలు బిగించాలి.